స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్: ట్రయల్ వారంలో ఏం చూడాలి, తర్వాత ఏం ఎదురవుతుంది

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 61 ఏళ్ళు. నడుముకి రెండు ఆపరేషన్లు అయ్యాయి. రెండోదాని తర్వాత నడుము కాస్త నయమే గానీ ఎడమ పిక్క నుంచి అరికాలి దాకా మంట నాలుగేళ్ళుగా తగ్గలేదు. మాత్రలు, ఫిజియోథెరపీ, వెన్నులో ఇంజెక్షన్లు అన్నీ అయ్యాక ఇప్పుడు డాక్టరుగారు స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్, అంటే వెన్నుపాముకి చిన్న కరెంటు ఇచ్చి నొప్పి తగ్గించే మిషన్, పెట్టిద్దాం అంటున్నారు. పెట్టించుకున్నవాళ్ళ అనుభవాలు చదివితే ఒకరు మళ్ళీ మనిషినయ్యానని రాశారు, ఇంకొకరు రెండేళ్ళకే తీయించేసుకున్నానని రాశారు. పరిశోధనలేమంటున్నాయి, ఎమ్మారై తీయొచ్చా, వద్దనుకుంటే తీసేయొచ్చా అని కూడా అడిగారు, కానీ అన్నిటికన్నా ముందు ఎవర్ని నమ్మాలి అన్నది మీ ప్రశ్న.

ఇద్దర్నీ నమ్మండి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. నా ఒంట్లో ఈ మిషన్ తొమ్మిదేళ్ళుగా ఉంది. నాదీ దాదాపు అమ్మగారి కథే, కాలు మాత్రం కుడిది. ట్రయల్‌కి (అసలు మిషన్ పెట్టేముందు కొన్ని రోజులు చేసే పరీక్షకి) ముందు బాగా భయపడుతున్నవాళ్ళని నా డాక్టరుగారు అప్పుడప్పుడు నాతో మాట్లాడమంటారు. అలా చాలామందితో పరిచయమైంది, కొందరితో ఏళ్ళ తరబడి మాటలు సాగుతున్నాయి. నేను డాక్టర్ని కాను. చెప్పేదంతా మంచం మీద ఉండి కొంత, మంచం దిగాక కొంత చూసినదే.

ముందు ఆ మిషన్ ఏం చేస్తుందో చెప్తాను. వెన్నుపాము చుట్టూ ఒక పొర ఉంటుంది. ఆ పొరకీ ఎముకకీ మధ్య ఉన్న సందులో సన్నటి తీగ పెడతారు, దాన్ని లీడ్ అంటారు. దాని కొసన వరసగా చిన్న లోహపు చుట్లు ఉంటాయి, మామూలుగా ఎనిమిది. కరెంటు చిన్న చిన్న తట్లుగా పలికేది వాటి నుంచే. నడుము, కాళ్ళ నొప్పికైతే లీడ్ కొసని ఛాతీ భాగపు వెన్నుపూసల్లో ఎనిమిదో దానికీ పదో దానికీ మధ్యకి చేరుస్తారు. నొప్పి కాల్లో ఉంటే తీగ వీపులో ఎందుకని అమ్మగారు తప్పకుండా అడుగుతారు. నేనూ అడిగాను. వెన్నుపాము నడుము కింద దాకా రాదు, పైనే ఆగిపోతుంది. కాలి నరాలు అక్కడికి చేరి, వెన్నుపాము వెంట పైకి వెళతాయి. వాటిని పట్టుకోవాలంటే ఆ దారిలోనే కాపు కాయాలి.

1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక సిద్ధాంతం చెప్పారు. నొప్పి కబురు మెదడుకి వెళ్ళే దారిలో, వెన్నుపాములో, గేటు లాంటిది ఒకటుందనీ, స్పర్శని మోసే లావు నరాలు చురుగ్గా ఉంటే ఆ గేటు కొంత మూసుకుంటుందనీ. మోకాలు గుద్దుకోగానే చేత్తో గబగబా రుద్దుకుంటాం కదా, అదే సంగతి. రెండేళ్ళు తిరక్కుండానే 1967లో నార్మన్ షీలీ అనే అమెరికా న్యూరోసర్జన్ ఆ లావు నరాలని కరెంటుతో తట్టిలేపి గేటు మూయిద్దామని మొదటిసారి మనిషి వెన్నులో ఎలక్ట్రోడ్, అంటే కరెంటు ఇచ్చే లోహపు ముక్క, పెట్టి చూశారు. కాబట్టి మీ అమ్మగారి మీద ఎవరో కొత్త ప్రయోగం చేస్తున్నారని టెన్షన్ పడక్కర్లేదు. అయితే గేటు కథతోనే అన్నీ తేలిపోవు. పాత రకంలో నొప్పి ఉన్నచోట జుమ్మని చీమలు పాకినట్టు తెలుస్తూ ఉంటుంది. సెకనుకి పది వేల సార్లు పలికే కొత్త రకంలోనూ, గుంపులు గుంపులుగా పలికే బర్స్ట్ రకంలోనూ చాలామందికి ఏమీ తెలియదు, అయినా కొందరికి నొప్పి తగ్గుతుంది. అదెలా జరుగుతుందో నిపుణులు ఇంకా వాదించుకుంటూనే ఉన్నారు.

ఏ రకమైనా సరే, నలిగిన నరాన్ని అది బాగుచెయ్యదు, డిస్కుని సరిచెయ్యదు. నేను ఏడాదికోసారి కావాలనే ఆపి చూస్తాను. పొద్దున ఆపితే మధ్యాహ్నానికి మంట తిరిగొస్తుంది, ఎక్కడికీ పోలేదన్నట్టు. నాకు అది కోపం తెప్పించదు. మిషన్ పనిచేస్తోందనడానికి నాకున్న రుజువు అదొక్కటే.

ఇక అమ్మగారి నొప్పి ఈ మిషన్‌కి లొంగే రకమా కాదా అన్నది. ఆవిడ నొప్పిని ఆవిడ మాటల్లోనే ఒక కాగితం మీద రాయండి, మీరు దిద్దకండి. మండుతోంది, సూదులు గుచ్చుతున్నాయి, షాక్ కొట్టినట్టు జివ్వుమంటోంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేను అంటే అది నరాల నొప్పి. వంగితే పట్టేస్తోంది, ఎక్కువసేపు నిలబడితే నడుము విరిగినట్టుంది, పడుకుంటే హాయి అంటే అది ఎక్కువగా కీళ్ళదో కండరాలదో అయి ఉంటుంది. మొదటి రకానికి, అందులోనూ నడుముకన్నా కాల్లో ఎక్కువ ఉన్నవాళ్ళకి, ఈ పద్ధతి మీద ఆశ పెట్టుకోవచ్చు. రెండో రకానికి పెట్టించుకుని నిరాశపడ్డవాళ్ళని నేను చాలామందిని చూశాను. మీరు రాసినదాన్ని బట్టి అమ్మగారిది మొదటి రకంలాగే ఉంది, కానీ ఆ మాట డాక్టరుగారు పరీక్ష చేసి చెప్పాలి.

పరిశోధనల గురించి కూడా అడిగారు. 2007లో వచ్చిన ప్రాసెస్ అనే అధ్యయనంలో, నడుము ఆపరేషన్ తర్వాత కూడా కాలినొప్పి పోని 100 మందిని తీసుకున్నారు. ఆరు నెలలకి, కాలినొప్పి సగమైనా తగ్గినవాళ్ళు స్టిమ్యులేటర్ వైపు 48 శాతం, మామూలు వైద్యం వైపు 9 శాతం. ఇంతవరకూ కంపెనీ కరపత్రంలో ఉంటుంది. అదే అధ్యయనంలో ఏడాది తిరిగేసరికి మిషన్‌కి సంబంధించిన ఏదో ఒక ఇబ్బంది 32 శాతం మందికి వచ్చింది, ఆ మాట కరపత్రంలో కనపడదు. షుగర్ వల్ల పాదాల మంటలున్నవాళ్ళ మీద 2021లో వచ్చిన అధ్యయనం ఇంకా గొప్ప అంకెలు చూపించింది. అయితే ఈ రెండింటిలోనూ ఎవరికి మిషన్ పెట్టారో వాళ్ళకి తెలుసు. మిషన్ పెట్టించుకున్నాను, తగ్గుతుంది అన్న నమ్మకమే కొంత నొప్పిని తగ్గిస్తుంది. ఆ నమ్మకాన్ని పక్కకి తీసి చూద్దామని నార్వేలో 50 మందికి బర్స్ట్ రకం పెట్టి, కొన్నాళ్ళు నడిపి కొన్నాళ్ళు ఊరికే ఉంచి, ఏది ఎప్పుడన్నది వాళ్ళకి తెలియకుండా చూశారు. 2022లో ఫలితం వచ్చింది: రోజువారీ పనులు చేసుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా లేదు. నడుము నొప్పి మీద 2023లో వచ్చిన కాక్రేన్ సమీక్ష (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ చేసింది) కూడా దాదాపు ఇలాగే పెదవి విరిచింది.

తొమ్మిదేళ్ళుగా దీనితో బతుకుతున్న మనిషిగా ఆ నార్వే ఫలితం చదివి నేను రెండు రోజులు చిన్నబుచ్చుకున్నాను, దాచుకోను. తర్వాత తట్టిందేమిటంటే, సగటు అంకె నా కాలి గురించి చెప్పదు, నా కాలు సగటు గురించి చెప్పదు. అమ్మగారి కాలి గురించి తెలుసుకోవడానికి ఉన్న దారి ట్రయల్ ఒక్కటే. కాబట్టి నా జవాబులో ఎక్కువ భాగం దాని మీదే.

ట్రయల్ అంటే అసలు బ్యాటరీ లోపల పెట్టకుండా తీగ మాత్రమే పెట్టి కొన్ని రోజులు చూడటం. సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజులు, కొన్నిచోట్ల ఇంకాస్త ఎక్కువ. బోర్లా పడుకోబెట్టి, మత్తు కొద్దిగా ఇచ్చి, ఎక్స్‌రేలో చూస్తూ లావుపాటి సూదిలోంచి లీడ్ పంపిస్తారు. పాత రకమైతే మధ్యలో లేపి, జుమ్మనడం ఎక్కడ తెలుస్తోందని అడుగుతారు. 'తొడ మీద... ఇంకొంచెం కిందకి... ఆఁ, పాదంలోకి వచ్చింది' అని మనమే దారి చూపించాలి. నాకు ఆ క్షణం బాగా గుర్తు. ఆరేళ్ళుగా మంట తప్ప ఇంకేమీ తెలియని అరికాలిలో ఇంకేదో తెలిసింది. తర్వాత తీగని వీపుకి అంటించి, బయట చిన్న పెట్టె తగిలించి ఇంటికి పంపేస్తారు. ఆ వారం స్నానం లేదు, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకోవడమే. వంగకూడదు, మెలితిరక్కూడదు. ప్లాస్టర్ కింద దురద మాత్రం ప్రాణం తీస్తుంది.

నొప్పి సగం తగ్గితే ట్రయల్ పాస్ అని అంటారు. చిక్కంతా ఇక్కడే. పదికి ఎంత అని అడిగితే మనం ఇచ్చే అంకె నొప్పిది మాత్రమే కాదు. ఆశ, భయం, డాక్టరుగారి మీద గౌరవం, ఇంట్లోవాళ్ళ ముఖాలు అన్నీ అందులో కలుస్తాయి. పైగా మొదటి ఒకటి రెండు రోజులు మత్తు మందుల ప్రభావం ఉంటుంది, పూర్తిగా విశ్రాంతిలో ఉంటాం, ఇల్లంతా మన చుట్టూ తిరుగుతుంది. ఆ రెండు రోజుల్లో ఎవరికైనా తగ్గినట్టే ఉంటుంది.

నాకు ట్రయల్ చేసిన క్లినిక్‌లో ఒక నర్సుగారు చెప్పిన ఉపాయం మీకు చెప్తున్నాను. ట్రయల్‌కి వారం ముందే, ఇప్పుడు చెయ్యలేకపోతున్న పనులు మూడు రాసిపెట్టుకోమన్నారు. గొప్ప పనులు కాదు, రోజూ అడ్డుపడేవి. ప్రతిదానికీ ఇప్పుడు ఎంతసేపు చెయ్యగలమో కొలిచి పక్కన రాయాలి. నావి ఇవి: ఆగకుండా నిలబడటం, అప్పటికి ఏడు నిమిషాలు. కుడివైపు తిరిగి పడుకోవడం, అసలు కుదిరేది కాదు. కుడికాలికి సాక్స్ వేసుకుని ఉండటం, పది నిమిషాలకే పీకి పారేసేదాన్ని... అలా ఆరేళ్ళు ఒక కాలికే సాక్స్ వేసుకుని తిరిగాను, చలికాలంలో కూడా.

ట్రయల్ మూడో రోజు నిలబడి గడియారం చూసుకున్నాను, ఇరవై నిమిషాలు దాటింది. నాలుగో రోజు సాయంత్రం మా అబ్బాయి నా కాళ్ళకేసి చూసి, 'రెండు కాళ్ళకీ వేసుకున్నావే' అన్నాడు. పొద్దున వేసుకున్నది, మర్చిపోయాను. ఆ రోజు నొప్పి అంకె ఎంతని రాశానో చూస్తే అయిదు. అంతకు ముందు ఎనిమిది. అంకె ప్రకారం చూస్తే సగం కూడా తగ్గలేదు, ట్రయల్ ఫెయిల్. ఆ కాగితం చూపిస్తేనే డాక్టరుగారు కాసేపు ఆలోచించి, ముందుకు వెళదాం అన్నారు. కుడివైపు పడుకోవడం మాత్రం ఆ వారమే కాదు, ఇప్పటికీ రాలేదు.

దీనికి ఎదురు కథ కూడా ఉంది. నాతో మాట్లాడినవాళ్ళలో ఒక పెద్దాయన ట్రయల్లో అరవై శాతం తగ్గిందని చెప్పారు. రెండేళ్ళ తర్వాత మిషన్ తీయించేసుకుంటూ నాతో అన్నారు, 'నిజానికి ముప్పై ఉంటుందేమోనండీ. అంతమంది కష్టపడ్డారు, పిల్లలు సెలవలు పెట్టుకొచ్చారు, బాలేదని ఎలా చెప్పను?' అని. మీరు చదివిన ఆ తీయించుకున్న మనిషి ఈయన లాంటివారే అయి ఉండొచ్చు. ఇంకొకావిడకి ట్రయల్లో ఏమీ తెలియలేదు. ఏడుస్తూ ఫోన్ చేశారు. ఆవిడకి జరిగింది మంచే అని నా ఉద్దేశం. ఒక తీగ ఒక వారం ఉండి బయటికొచ్చింది, పెద్ద ఆపరేషన్ తప్పింది. ట్రయల్ ఫెయిల్ అవడం తన తప్పని ఆవిడకి ఎవరో అనిపించారు, అది మాత్రం నాకు బాధేసింది.

ట్రయల్ లేకుండా నేరుగా పెట్టేద్దాం అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అమెరికాలో మందుల్ని, వైద్య పరికరాల్ని పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ 2020 సెప్టెంబరులో డాక్టర్లకి ప్రత్యేకంగా లేఖ రాసి, శాశ్వతంగా పెట్టేముందు ట్రయల్ చేసి తీరాలని గుర్తుచేసింది. అంతకు ముందు నాలుగేళ్ళలో ఈ మిషన్ల మీద వాళ్ళకి లక్షకు పైగా నివేదికలు అందాయి, అందులో ఎక్కువగా కనిపించిన ఫిర్యాదుల్లో చాలినంత ఉపశమనం లేకపోవడం ఒకటి. ట్రయల్‌కి ముందు సైకాలజిస్టు దగ్గరికి పంపిస్తే అమ్మగారు నొచ్చుకోవచ్చు, నా నొప్పి అబద్ధమనుకుంటున్నారా అని. నేనూ నొచ్చుకున్నాను. అది చాలాచోట్ల అందరికీ చేసే పని. డిప్రెషన్ ముదిరి ఉంటే ముందు దాని సంగతి చూస్తే ఈ మిషన్ ఫలితం కూడా తిన్నగా తెలుస్తుంది.

పాస్ అయితే అసలు ఆపరేషన్. లీడ్ మళ్ళీ పెట్టి, చర్మం కింద చిన్న జేబులాంటిది చేసి బ్యాటరీ అందులో పెడతారు, ఎక్కువగా పిరుదు పైభాగంలో. ఈ జేబు ఎక్కడన్నది చిన్న విషయంలా కనపడుతుంది గానీ ఏళ్ళ తరబడి రోజూ తగిలేది అదే. అమ్మగారు కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు, బట్ట కట్టు వచ్చేచోట ఒరుసుకోకుండా ముందే పెన్నుతో గీత గీయించండి. ఏ వైపు తిరిగి పడుకుంటారో చెప్పండి. నాకు తెలిసినవాళ్ళలో ఒకరికి నొప్పి బాగా తగ్గింది, కానీ కుర్చీ వీపు సరిగ్గా బ్యాటరీకే తగిలేది, ఆ ఒక్కదాని కోసం మళ్ళీ కోయించుకున్నారు.

తర్వాతి ఆరు నుంచి ఎనిమిది వారాలు అసలైన పరీక్ష. తీగ చుట్టూ కండ గట్టిపడేదాకా అది జారగలదు. వంగడం, మెలితిరగడం, బరువెత్తడం, తలపైకి చేతులెత్తడం వద్దంటారు. నేను నాలుగు వారాలు బుద్ధిగా ఉన్నాను. అయిదో వారంలో హాయిగా ఉంది కదా అని పైఅరలో దుప్పటి కోసం రెండు చేతులూ ఎత్తాను. నొప్పేమీ రాలేదు. మర్నాడు పొద్దున పాదంలో తెలియాల్సిన జుమ్మనడం పక్కటెముకల చుట్టూ పట్టీ బిగించినట్టు తెలిసింది, కాలి మంట మామూలే. ఎక్స్‌రే తీస్తే లీడ్ కొంచెం జరిగింది. ముందు ప్రోగ్రామ్, అంటే ఏ చుట్ల నుంచి కరెంటు ఎలా రావాలన్న అమరిక, మార్చి చూశారు. ఎనిమిది చుట్లలో వేరేవాటిని వాడితే కొంత సర్దుకుంటుంది. నాకు సగమే సర్దుకుంది. రెండు నెలలు లాగి, చివరికి చిన్న ఆపరేషన్ చేసి సరిచేశారు. దుప్పటి తీసిపెట్టమని అడిగితే ఇంట్లో ఎవరైనా తీసేవారు, అదీ నా బాధ. అమ్మగారి చేతికి అందేచోటే అన్నీ పెట్టండి. చెప్పి ఊరుకుంటే చాలదు. ఈ వయసు ఆడవాళ్ళు మాట వినరు, నన్ను చూసే చెప్తున్నాను.

ఎముక కొద్దిగా తొలిచి పెట్టే బల్లపరుపు లీడ్ ఇంకో రకం ఉంది. అది జారడం తక్కువ, కానీ కోత పెద్దది, తర్వాత తీయాలన్నా పెద్ద పనే. అమ్మగారికి ఏది అనుకుంటున్నారో, ఎందుకో అడగండి.

ఇంటికొచ్చాక మొదటి నెలల్లో అందరూ కంగారుపడేది ఒకటుంది. కూర్చున్నప్పుడు మెత్తగా ఉన్న జుమ్మనడం వెల్లకిలా పడుకోగానే గట్టిగా కొడుతుంది. దగ్గితే, తుమ్మితే ఒక్కసారి ఝల్లుమంటుంది. మిషన్ పాడైందనుకుంటారు. కాదు. పడుకుంటే వెన్నుపాము వెనక్కి, అంటే తీగకి దగ్గరగా, జరుగుతుంది. మధ్యలో ఉండే నీటి పొర పలచబడి కరెంటు ఎక్కువగా చేరుతుంది. రిమోట్‌తో తగ్గించుకోవాలి. కొన్ని మిషన్లు మనం పడుకున్నామా లేచామా అన్నది కనిపెట్టి వాటంతటవే తగ్గించుకుంటాయి. ఇంకా కొత్తవి వెన్నుపాము ఎంత స్పందించిందో ప్రతి పలుకుకీ కొలిచి సర్దుకుంటాయి. జుమ్మనే రకం పెట్టుకుని, అది ఆన్‌లో ఉండగా డ్రైవింగ్ మాత్రం చెయ్యకూడదు.

చార్జింగ్ గురించి పెట్టించుకోకముందు ఎవరూ అడగరు, పెట్టించుకున్నాక దాని గురించే మాట్లాడతారు. నాది చార్జ్ చేసుకునేది. వారానికోసారి పట్టీ కట్టుకుని గంట పైన కూర్చుంటాను, ఆ చోట కాస్త వెచ్చగా అవుతుంది. పది వేల సార్లు పలికే రకానికి దాదాపు రోజూ పెట్టాలి. చార్జ్ అక్కర్లేని బ్యాటరీలూ ఉన్నాయి. అవి కొన్నేళ్ళకి అయిపోతాయి, అప్పుడు చిన్న ఆపరేషన్ చేసి మార్చాలి. ఎన్నేళ్ళన్నది ఎంత కరెంటు వాడతామో దాన్ని బట్టి. అమ్మగారు ఫోన్ చార్జింగ్ పెట్టడం మర్చిపోయే మనిషా? వీపు వెనక చార్జర్‌ని సరిగ్గా బ్యాటరీ మీదకి తెచ్చుకోగలరా? ఒక్కరే ఉండే రోజులు ఎక్కువా? ఇవి చూసుకుని ఎంచుకోండి. మంచి టెక్నాలజీ అని చెప్పి ఎనభై ఏళ్ళ ఆవిడకి రోజూ చార్జ్ చేసేది అంటగట్టడం నేను చూశాను. ఆవిడ మూడు నెలలకి దాన్ని వదిలేశారు.

నాలుగో ఏట నా మిషన్ మొండికేసింది. కరెంటు వస్తోంది, జుమ్మంటోంది, మంట మాత్రం మెల్లగా పైకొస్తోంది. చాలామంది మిషన్ వదులుకునేది ఈ దశలోనే. వెన్నుపాము ఆ తీరుకి అలవాటుపడిపోతుందని అంటారు. నాకు మొదట కొన్ని వారాలు పూర్తిగా ఆపేశారు, నరకం చూశాను. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు బర్స్ట్ రకం ప్రోగ్రామ్ పెట్టారు. నా బ్యాటరీకి రెండూ పలికే వీలుంది. అదృష్టం కొద్దీ దారికొచ్చింది, మొదటి ఏడాదంత బాగా కాదు గానీ సాక్స్ ఉంచుకోగలిగేంత. ఈ నెలల్లో నాకు తెలిసొచ్చిందేమిటంటే, మిషన్ ఏ కంపెనీదన్నదానికన్నా ప్రోగ్రామ్ చేసే మనిషి ఎవరన్నది పెద్ద విషయం. చాలాచోట్ల ఆ పని చేసేది కంపెనీ ప్రతినిధి. ఆపరేషన్‌కి ముందు వారానికి రెండుసార్లు ఫోన్ చేసిన మనిషి తర్వాత దొరక్కపోవచ్చు. అందుకని ముందే అడగండి: మూడో ఏట అమ్మగారికి మళ్ళీ నొప్పి మొదలైతే ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎన్ని రోజుల్లో చూస్తారు, క్లినిక్‌లో సొంతంగా ప్రోగ్రామ్ చెయ్యగలవాళ్ళు ఉన్నారా. ఈ ప్రశ్నకి జవాబు తడుముకుంటే నేనైతే ఇంకొకరి అభిప్రాయం తీసుకుంటాను.

ప్రమాదాల సంగతి. ఇన్ఫెక్షన్ లోపలికి దిగితే మందులతో ఆగదు, ఎక్కువసార్లు మొత్తం తీసేయాల్సి వస్తుంది. గాయం ఎర్రబడినా, చీము కారినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఫోన్ చెయ్యాలి. షుగర్ ఉంటే ముందే అదుపులోకి తెచ్చుకోవాలి. వెన్నుపాము చుట్టూ ఉన్న పొరకి పొరపాటున చిల్లుపడితే లేచి కూర్చుంటే భయంకరమైన తలనొప్పి, పడుకుంటే తగ్గుతుంది. అది మిషన్ తలనొప్పి కాదు, చికిత్స ఉంది. అరుదుగా లోపల రక్తం గడ్డకట్టి వెన్నుపాముని నొక్కుతుంది. ట్రయల్ తర్వాత గానీ ఆపరేషన్ తర్వాత గానీ కాళ్ళు హఠాత్తుగా బలం తప్పినా, మూత్రం తెలియకపోయినా, వీపులో నొప్పి గంటగంటకీ పెరుగుతున్నా పొద్దున చూద్దాంలే అనుకోకూడదు, రాత్రే అయినా వెంటనే తీసుకెళ్ళాలి. రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే ఎప్పుడు ఆపాలో, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో గుండె డాక్టరూ ఈ డాక్టరూ మాట్లాడుకుని చెప్పాలి. మీరు సొంతంగా ఆపకండి.

ఎమ్మారై గురించి అడిగారు కదా. ఇప్పటి మిషన్లు చాలావాటితో కొన్ని షరతుల మీద తీయొచ్చు, ఏ మోడల్, ఏ లీడ్ అన్నదాన్ని బట్టి షరతులు మారతాయి. కార్డు ఇస్తారు, అది పర్సులోనే ఉంచండి, ఎయిర్‌పోర్టులో కూడా అదే చూపించాలి. దీనికన్నా ఎక్కువగా మర్చిపోయేది ఇంకొకటుంది: ఫిజియోథెరపీలో వేడి పెట్టే డయాథర్మీ మిషన్ ఈ ఒంటి మీద ఎప్పటికీ పెట్టకూడదు. ఆ వేడి తీగ వెంట వెళ్ళి నరాన్ని కాల్చగలదు. అమ్మగారు ఏళ్ళుగా ఫిజియోథెరపీకి వెళుతున్నారు కాబట్టి అక్కడ పెద్ద అక్షరాలతో రాయించండి. ఇంకే ఆపరేషన్ జరిగినా, పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా, ముందు ఈ సంగతే చెప్పాలి.

తీసేయొచ్చా అన్నారు. తీసేయొచ్చు, సూదిలోంచి పెట్టిన లీడ్ అయితే పెద్ద కష్టం లేకుండా. ఆ పెద్దాయనకి తీశాక నడుము కొత్తగా పాడవలేదు, పాత నొప్పితోనే ఉన్నారు. జేబు ఉన్నచోట మచ్చ మాత్రం మిగిలింది.

ఇంట్లో ఒక్క మాట రాకుండా చూడండి: 'మిషన్ పెట్టించాం కదా, ఇంకా ఏంటి?' అన్నది. బాగా పనిచేసినవాళ్ళకి కూడా చెడ్డ రోజులుంటాయి. నాకు నెలలో నాలుగైదు ఉంటాయి. ఆ మాట ఒకసారి విన్నాక మనిషి నొప్పి చెప్పడం మానేస్తుంది, చెప్పడం మానేస్తే ప్రోగ్రామ్ ఎప్పుడు మార్చాలో ఎవరికీ తెలియదు. మాత్రలు కూడా మర్నాడే మానేయకూడదు, ముఖ్యంగా ప్రెగాబాలిన్, గాబాపెంటిన్, మత్తు కలిగిన నొప్పి మాత్రలు. డాక్టరుగారు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించుకోవాలి. నాకు సగానికి తగ్గడానికి ఎనిమిది నెలలు పట్టింది, పూర్తిగా మానలేదు.

ట్రయల్ తేదీ ఇచ్చాక ఆ మూడు పనుల కాగితం అమ్మగారి చేతే రాయించండి. మీరు ఊహించినవి అందులో ఉండకపోవచ్చు. మా ఇంట్లో అందరూ నేను నడక అంటాననుకున్నారు. సాక్స్ అని రాస్తే మా అబ్బాయి నవ్వి, ఇదేం కోరికే అన్నాడు. తర్వాత నాలుగో రోజు సాయంత్రం నా కాళ్ళ మీద కన్ను పడ్డది వాడికే.